ఎనిమిది లక్షల పంతొమ్మిది

సంస్కరణ దినం 214

తోయజా, నిన్న ఫోనులో నువ్వు చెప్పిన సంఖ్య తప్పు. సమాఖ్య సైన్యం ఇప్పుడు సరిగ్గా ఎనిమిది లక్షల మంది, ఒక్కరు ఎక్కువ కాదు, ఒక్కరు తక్కువ కాదు అన్నావు. ఎనిమిది లక్షల పంతొమ్మిది. ఆ సున్నాల మీద నీకెంత మమకారమో నాకు తెలుసు. రాజధానిలో సంస్కరణ కార్యాలయంలో కూర్చుని పధ్నాలుగు లక్షల మందిని చెక్కి చెక్కి అక్కడికి తెచ్చావు. శాసనసభ దాన్ని చట్టం కూడా చేసింది. కాని చట్టంలో లేని పంతొమ్మిది మంది ఈ ఉదయం నాతో మాట్లాడారు. లేనివాళ్ళు మాట్లాడితే ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా, అందుకని ఈ దినచర్య. రోజు రోజుకీ నీకే పంపుతాను. చదువుతావో లేదో నీ ఇష్టం, ఎంతైనా అమ్మమ్మ ఉత్తరం.

జరిగింది ఇది. మన సైనిక దండులో నేను పాదాలు కొలిచి బూట్లిచ్చే స్టోరు గోడకు ఒక పాత రేడియో ఉంది. అందులో బూట్ల సంగతి తప్ప మరొకటి మాట్లాడకూడదు. ఏడు నెలలుగా అది మోగలేదు. ఈ రోజు మోగింది.

"కొలతమ్మగారేనాండి? నాను హవల్దార్ తవిటయ్యనండి, మొండిగట్టు కాపలా. బూట్ల అడుగులు ఊడిపోనాయండి. పదమూడు జతలు."

"మొండిగట్టా? ఆ కాపలా ఎత్తేసి ఏడు నెలలైంది కదయ్యా!"

గాలి హోరులో గొంతు పెంచాడు.

"ఎవులెత్తేసినారండి? మేం ఇక్కడే ఉన్నాం కదా."

ఉన్నారు. పధ్నాలుగు వేల అడుగుల ఎత్తున, సరిహద్దు గట్టు మీద, ఒక హవల్దారూ పద్ధెనిమిది మంది జవాన్లూ. వాళ్ళ పైనున్న ముప్పై ఒకటో బ్రిగేడును మీరు సంస్కరణ ఒకటో రోజునే రద్దు చేశారు. తవిటయ్య మాత్రం రోజూ పొద్దున్నే ఆ బ్రిగేడుకు రేడియోలో 'అంతా సవ్యం' అని చెబుతూనే ఉన్నాడు.

"ఏడు నెలలు జవాబు రాకపోతే అనుమానం రాలేదా?" అన్నాను.

"లేదండి. ముందు కూడా పెద్దగా వొచ్చీది కాదండి."

సరుకులు తెచ్చే డ్రోన్లు కూడా ఒకటో రోజు నుంచే ఆగాయి. దాచుకున్న పిండిని సగం సగం వండుకుంటున్నారు. ఇంకో ఇరవై రోజులకు వస్తుందట. కనుమలో మంచు పడి దారి మూసుకోవడానికి ఉన్నది పదిహేడు రోజులు. మూసుకుంటే మళ్ళీ తెరుచుకునేది అయిదు నెలలకు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకో. నువ్వు లెక్కల్లో నాకంటే చురుకు.

సంస్కరణ దినం 216

దండు కార్యాలయంలో ఆదేశాలిచ్చే యంత్రం దగ్గరికి వెళ్ళాను. మీరు దానికి 'నిర్ణేత' అని పేరు పెట్టారు. వందమంది స్టాఫ్ ఆఫీసర్లు చేసే పని ఒక్కటే చేస్తుందని మెచ్చుకున్నారు. నిజమే, వందమంది కలిసి కూడా ఇంత ప్రశాంతంగా కాదనలేకపోయేవారు.

"నమస్కారం పేరిందేవిగారూ. ఏం కావాలి?"

"మొండిగట్టు మీద పంతొమ్మిది మంది ఉన్నారు. దిగిరమ్మని ఆదేశం ఇవ్వు."

"మొండిగట్టు మీద ఎవరూ లేరు. ఒకటో రోజునే గౌరవంగా దిగివచ్చి విశ్రాంత జీవితంలో ప్రవేశించారు."

"వచ్చినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?"

"వాళ్ళ ఇళ్ళలో."

"మొన్న పొద్దున నాతో మాట్లాడారు."

"ఇంటి నుంచి మాట్లాడి ఉంటారు."

బయటికొచ్చి నీకు ఫోను చేశాను. గుర్తుంది కదా? "అమ్మమ్మా, నువ్వు కంగారుపడకు, దరఖాస్తు పెట్టు, పరిశీలిస్తాం" అన్నావు. మీటింగులో ఉన్నావు, వెనకాల ఎవరో చప్పట్లు కొడుతున్నారు. ఎందుకు కొడుతున్నారని అడిగాను. ఎనిమిది లక్షలకు చేరినందుకని చెప్పావు.

పాత బ్రిగేడ్ కమాండరును కూడా పట్టుకున్నాను. సొంతూళ్ళో తేనెటీగలు పెంచుతున్నాడు. పాపం, వెంటనే రేడియోలో మాట్లాడతానన్నాడు. కాని వెనక్కి రమ్మనే ఆదేశానికి ఆ రోజు సంకేత పదం కావాలి. సంకేత పదం బ్రిగేడుకే ఇస్తారు. బ్రిగేడు లేదు.

చివరికి నేనే తవిటయ్యతో అన్నాను. "నాయనా, నా మాట విని దిగి వచ్చేయండి. తరవాత సంగతి నేను చూసుకుంటాను."

"మీరు పెద్దోరు, మీ మాట కాదన్నేనండి. కానండి, ఆర్డరు నేకుండా కాపలా ఒగ్గేసి దిగితే ఏటంటారు? పారిపోయినోడంటారు. మా ఊరి పంచాయితీ గోడ మీద పేరు రాసేస్తారు. మా పెద్దగుంటడికి నిరుడే సంబంధం కుదిరినాదండి. పంతొమ్మిది కొంపలమ్మా. ఇక్కడ సచ్చిపోతే కనీసం బొమ్మెట్టి దండేస్తారు."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. పారిపోయినవాళ్ళ పేర్లు ఎక్కడెక్కడ రాస్తారో నేను చూశాను. నువ్వు చేసిన కొత్త చట్టంలో కూడా ఆ గోడ అలాగే ఉంది. సంస్కరించడానికి మీకు అది కనబడలేదు.

సంస్కరణ దినం 219

మొన్న సంస్కరణ కార్యాలయం తరఫున కర్నల్ మణిధర్ వచ్చాడు. నీకు తెలిసినవాడే. మంచివాడు, అదే ఇబ్బంది. చెడ్డవాడైతే తిట్టి పంపేదాన్ని.

వచ్చిన పని నా స్టోరు మూయడం. 231వ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు తాళం. ఇకమీద జవాను ఒక అద్దం మీద నిలబడితే యంత్రమే పాదం చూసి బూట్లు అచ్చువేస్తుందట.

"నలభై ఒక్క ఏళ్ళు సేవ చేశారు మేడమ్. సభ పెట్టి శాలువా కప్పుతాం," అన్నాడు.

"శాలువా మొండిగట్టుకు పంపండి, అక్కడ చలి ఎక్కువ," అని మొత్తం చెప్పాను.

విన్నాడు. నిజంగా విన్నాడు, ముఖం పాలిపోయింది. వెంటనే ఒక ఉపసంఘం వేశాడు. మూడు రోజుల్లో తేలుస్తామని మాట ఇచ్చాడు. మూడో రోజైన ఈ సాయంత్రం తేలింది ఇది. మొండిగట్టును మూయాలంటే ముందు అది ఉన్నట్టు నిర్ధారించాలి. నిర్ధారించాలంటే తనిఖీ అధికారి వెళ్ళి చూడాలి. తనిఖీ అధికారుల శాఖ 40వ రోజున రద్దయింది. ఒకవేళ నిర్ధారిస్తే సైన్యం సంఖ్య చట్టం దాటుతుంది, కనుక ఆ పంతొమ్మిది మందిని లెక్కలోకి తీసుకునే ముందు మరెక్కడైనా పంతొమ్మిది మందిని తగ్గించాలి.

"తగ్గించడానికి ఎవర్ని ఎంచారు?"

"బ్యాండు మేళాన్ని అనుకున్నాం మేడమ్. కాని అందులో పద్ధెనిమిది మందే ఉన్నారు. ఇంకొకరి కోసం చూస్తున్నాం."

ఈ మాట అతను నవ్వకుండా అన్నాడు. నేనూ నవ్వలేదు. కొండ మీద ఈ రోజు మొదటి మంచు పడింది.

సంస్కరణ దినం 222

నిన్న నువ్వు ఫోనులో అరిచావు. "నీకు సంస్కరణ అంటేనే పడదు అమ్మమ్మా, పాత సైన్యమే బాగుందంటావు" అన్నావు. అది కూడా తప్పే. పాత సైన్యాన్ని నీకంటే దగ్గరగా చూసినదాన్ని. ఒక జత లేసులు ఇప్పించడానికి పదకొండు సంతకాలు. ఒక్కో జనరల్ ఇంట్లో నలుగురు వంటవాళ్ళు, వాళ్ళలో ఒకడు కుక్కకు మాత్రమే వండేవాడు. ఉద్యోగం పోతుందని వంద ఫిరంగులకు ప్రతి ఏడాదీ రంగు వేయించేవారు, అవి పేలక ముప్పై ఏళ్ళు. నువ్వు పెట్టిన కత్తెర పెట్టవలసిందే. అయితే ఆ పదకొండు సంతకాల్లో పది తీసేశావు. ఆ పదిమందిలో ఒకడికి మొండిగట్టు మీద మనుషులున్నారని తెలుసు. వాడెవడో అడిగి ఉంచేసుకుంటే సరిపోయేది. అడగలేదు, ఎందుకంటే అడగడానికి పట్టే రోజులు మీ పథకంలో లేవు.

ఇక అసలు సంగతి. ఈ రోజు స్టోరు ఖాళీ చేస్తూ గోడకు వేలాడే నియమాల పలకను తుడిచాను. నలభై ఒక్క ఏళ్ళుగా దాని ప్రకారమే పని చేస్తున్నాను కనుక చదవడం మానేశాను. ఈ రోజు చదివాను.

మా అమ్మమ్మ కాలంలో మంచు యుద్ధం జరిగింది. అప్పట్లో బూట్లు సరిపోవడం లేదని జవాను చెబితే ఆ మాట మెట్టు మెట్టుగా పైకెక్కి, మెట్టు మెట్టుగా కిందికి దిగేది. ఈలోగా మూడు వేల మందికి వేళ్ళు కుళ్ళి తీసేయాల్సి వచ్చింది. అది చూసి సిగ్గుపడ్డవారెవరో ఒక నియమం రాశారు. కొలత అధికారి పాదాలు కొలవడానికి ఏ హోదాలో ఉన్న సైనికుడినైనా ఎక్కడి నుంచైనా పిలవవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంకేత పదం అక్కర్లేదు. పిలిస్తే స్వయంగా రావాలి, చెప్పులు లేకుండా, వీపు మీద బరువుతో నిలబడి కొలిపించుకోవాలి. రాకపోతే నేరం. మొదలైన కొలత పూర్తయ్యేవరకు స్టోరు తలుపు మూయడానికి కూడా ఎవరికీ అధికారం లేదు.

జనరళ్ళు సైతం నా ముందు మేజోళ్ళు విప్పి నిలబడ్డారంటే అందుకే. ఒకాయన మేజోడుకు చిల్లు ఉంటే సిగ్గుపడి తలుపు వేయించాడు.

నిర్ణేతను అడిగాను, ఈ నియమం ఇంకా ఉందా అని. "ఉంది. ఇది ఆదేశాల జాబితాలో లేదు, పాదరక్షల జాబితాలో ఉంది. కనుక సంస్కరణకు రాలేదు," అంది.

తోయజా, మీరు ఈ దేశ సైన్యాన్ని కదిలించే అధికారాలన్నీ ఒక్కొక్కటే ఊడబీకి, ఒక్కటి మిగిల్చారు. అది డెబ్భై మూడేళ్ళ ముసలిదాని చేతిలో ఉంది.

సంస్కరణ దినం 223

రేడియో అందుకున్నాను. "హవల్దార్ తవిటయ్య, మీకూ మీ పద్ధెనిమిది మందికీ పాద కొలత పిలుపు. 231వ రోజు మధ్యాహ్నం లోపల నా స్టోరులో హాజరు కావాలి."

"ఏటమ్మా, సరిహద్దు ఒగ్గేసి కాళ్ళు సూపించుకోడానికి దిగమంటారా?" అన్నాడు. వెనకాల జవాన్లు నవ్వడం వినిపించింది.

"రాకపోతే నేరం. నియమం చదవమంటావా?"

"సదవండి."

చదివాను. రెండోసారి చదవమన్నాడు. మూడోసారి కూడా చదివించుకున్నాడు. అతను ఎంత జాగ్రత్తగా వింటున్నాడో అర్థమైంది. పంతొమ్మిది కొంపల పరువు ఆ వాక్యాల మీద నిలబెట్టవచ్చో లేదో తట్టి చూసుకుంటున్నాడు.

"అందరూ ఒకేపాలి రావాలాండి? ఒకడినైనా కాపలా ఉంచొద్దా?"

"అడుగులు ఊడిన బూట్లు పదమూడు జతలని నువ్వే చెప్పావు. మిగతా ఆరు ఎలా ఉన్నాయి?"

"అవీ అంతేనండి. సిగ్గేసి సెప్పనేదు."

"అయితే అందరూ ఒకేసారి. నడకకు ఏడు రోజులు పడుతుంది, పాదాలకు గోనెగుడ్డలు చుట్టుకోండి. నువ్వు దిగుతున్నది నా పిలుపు మీద. ఆ మాట నా సంతకంతో చీటీ రాసి పంతొమ్మిది మందికీ ఇస్తాను. మీ పంచాయితీ గోడ దగ్గర ఎవడైనా నోరెత్తితే అది చూపించు."

వెనక జవాన్లకు మూటలు కట్టమని చెప్పి, "రేపు బేగి బయల్దేరతామండి," అన్నాడు.

సంస్కరణ దినం 231

పొద్దున్న పదకొండున్నరకి కర్నల్ మణిధర్ వచ్చాడు. వెంట తాళం వేసే యంత్రం, చక్రాల మీద, గుమ్మం దగ్గర నిలబడి పన్నెండు కోసం చూస్తోంది. తవిటయ్య వాళ్ళ జాడ లేదు. పన్నెండుకు స్టోరు మూతబడితే కొలత అధికారి అన్న పదవే పోతుంది. కొలిచేవాళ్ళు లేని కొలతకు దిగివచ్చినవాళ్ళను ఏమంటారు? మళ్ళీ ఆ గోడే.

పన్నెండుకు అయిదు నిమిషాలుండగా అడిగాను.

"కర్నల్‌గారూ, మీ పాదాలు కొలిచి ఎన్నాళ్ళైంది?"

"పదమూడు, పధ్నాలుగేళ్ళు అయ్యుంటుంది మేడమ్. ఎందుకు?"

"పిలుస్తున్నాను. బూట్లు విప్పండి."

"ఇప్పుడా?"

"రాకపోతే నేరం."

నా ముఖం చూశాడు, పలక చూశాడు, కూర్చుని బూట్లు విప్పాడు. ఎడమ కాలి చిటికెన వేలి మీద ఆనె. వీపుకు ముప్పై కిలోల సంచీ తగిలించి కొలతపీట మీద నిలబెట్టాను. పన్నెండు కొట్టగానే యంత్రం ముందుకొచ్చింది. "కొలత జరుగుతోంది. పూర్తయ్యేవరకు వేచి ఉంటాను," అని తనే చెప్పి వెనక్కి వెళ్ళింది. దానికి నియమం తెలుసు. మనుషులే మరచిపోయారు.

పొడవు కొలిచాను. వెడల్పు కొలిచాను. పదివేళ్ళూ విడివిడిగా కొలిచాను. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి, వేడినీళ్ళలో ఉంచి ఒకసారి, ఆరనిచ్చి ఒకసారి. ఒంటిగంట అయింది. రెండయింది.

"మేడమ్, మామూలుగా ఎంతసేపు పడుతుంది?"

"నాలుగు నిమిషాలు. మీ పాదం క్లిష్టంగా ఉంది."

రెండున్నరకు అతనికి అర్థమైంది. "వాళ్ళు వస్తున్నారా?" అని మెల్లగా అడిగాడు. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు, సంచీ పట్టీ మాత్రం సర్దుకున్నాడు.

మూడుంపావుకి వచ్చారు. కాళ్ళకు గోనెలు, గడ్డాలకు మంచు. పంతొమ్మిది మంది పేర్లూ పిలిచాను, పంతొమ్మిది మందీ పలికారు. అయినా వరండాలో ఇంకా కాళ్ళు ఉన్నాయి. అయిదు జతలు. ఆ మనుషుల కోట్ల రంగు మన సైన్యపు ఆకుపచ్చ కాదు.

"తవిటయ్యా, వీళ్ళెవరు?"

"ఎదర గట్టు మీద ఆళ్ళ కాపలా అమ్మగారూ. మనకి శత్రువులండి." పరిచయం చేస్తున్నట్టు చెయ్యి చూపించాడు. "మేం దిగిపోతన్నామని ఆళ్ళకి సెప్పకుండా ఎలా వొచ్చీడం? పదేళ్ళ నుంచి ఎదురుబొదురు ఉన్నోళ్ళం. జెండా ఊపి సెప్పినాం. సూస్తే ఆళ్ళకీ ఎవులూ నేరు. ఆళ్ళ బ్రిగేడు తీసేసి రెండేళ్ళయిపోనాదంట."

"మొదట ఎంతమంది ఉండేవాళ్ళు?"

"పధ్నాలుగండి."

అందులో మిగిలింది ఈ అయిదుగురు. వాళ్ళ దేశం సంస్కరణలో మనకంటే రెండేళ్ళు ముందుంది తోయజా. మీ కార్యాలయంలో ఆ దేశాన్ని ఆదర్శంగా చూపిస్తూ ఒక పటం ఉందని నువ్వే చెప్పావు.

కర్నల్ పీట మీదే, ఉత్త కాళ్ళతో, బరువుతో నిలబడి ఉన్నాడు. "మేడమ్, వీళ్ళు శత్రు సైనికులు. నేను నిర్బంధించి నివేదిక పంపాలి," అన్నాడు. అయినా పీట దిగలేదు.

"ఎక్కడి నుంచి వచ్చారని రాస్తారు? మొండిగట్టు మీదుగా అనా? అలాంటి చోటు ఉన్నట్టు మీ ఉపసంఘం ఇంకా నిర్ధారించనే లేదు."

అతను ఆ అయిదుగురి కాళ్ళ వైపు చూశాడు. ఒకతని ఎడమ పాదానికి రెండు వేళ్ళు లేవు.

"నా కొలత పూర్తయిందా?" అని అడిగాడు.

"ఇంకా లేదు."

"తొందరేం లేదు మేడమ్," అన్నాడు. ఇరవై నాలుగు మంది పాదాలు కడిగి, కొలిచి, చీటీలు రాసేదాకా ఆ సంచీ దించలేదు. యంత్రం కూడా గుమ్మం దగ్గర మర్యాదగా నిలబడింది. అయిదున్నరకు తనే దిగి, తనే తలుపు వేశాడు. శాలువా సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

సంస్కరణ దినం 232

పంతొమ్మిది మందీ కొత్త బూట్లతో పొద్దుటి లారీలో రైలు స్టేషనుకు వెళ్ళారు. కాగితాల ప్రకారం వాళ్ళు ఏడు నెలల కిందటే ఇంటికి చేరారు కనుక వాళ్ళను ఎవరూ ఆపలేదు. చీటీలు జేబుల్లో భద్రంగా ఉన్నాయి. తవిటయ్య తనది నూనెగుడ్డలో చుట్టుకున్నాడు. నీ సంఖ్య కూడా ఇప్పుడు నిజమైంది. కర్నల్ నివేదికలో 'పాదరక్షల శాఖ సజావుగా మూతబడినది' అని రాశాడు. దాన్ని చదివి మీవాళ్ళు చప్పట్లు కొడతారు. నువ్వు కొట్టకు.

నువ్వు నిన్న రాత్రి అంతవరకు పంపిన కాగితాలన్నీ ఒకేసారి చదివి ఫోను చేసి, చాలాసేపు ఏడ్చి, "నేనేం చెయ్యను అమ్మమ్మా, చెప్పు" అన్నావు. చెబుతున్నాను. కాగితం, పెన్సిలు తీసుకో.

ఆ అయిదుగురు మా ఇంట్లో ఉన్నారు. దండు గేటు పుస్తకంలో కర్నల్ వాళ్ళను 'పేరిందేవిగారి దూరపు చుట్టాలు' అని రాశాడు. శుక్రవారం దక్షిణపు రేవు నుంచి పడవలో వాళ్ళ దేశం వైపు వెళతారు. మన సైన్యపు బూట్లకు అడుగున ముద్ర ఉంటుంది, అవతలి ఒడ్డున అది చూస్తే వాళ్ళ పేర్లూ ఏదో గోడ మీదికి ఎక్కుతాయి. కనుక మామూలు బూట్లు కావాలి. అచ్చువేసినవి వద్దు, కుట్టినవి. రాజధాని బస్టాండు వెనక సందులో కుట్టేవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు, ఎడమ వైపు దుకాణం మంచిది.

సైజులు రాసుకో: ఇరవై అయిదు సెంటీమీటర్లు, ఇరవై ఆరు, ఇరవై ఆరున్నర, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ఇరవై ఏడు అతని ఎడమ పాదానికే రెండు వేళ్ళు లేవు, ముందు భాగంలో దూది కూర్చమని చెప్పు. ఇరవై ఎనిమిది అతనిది వెడల్పు పాదం, లేసులు పొడుగ్గా ఉండాలి. ఉన్ని మేజోళ్ళు పది జతలు. కార్యాలయం పేరు చెప్పకు, దరఖాస్తు అసలే పెట్టకు, నువ్వే నడిచి వెళ్ళు. గోనెసంచీలో కట్టి గురువారం పొద్దుటి బస్సులో డ్రైవరు సీటు కింద పెట్టించు, సాయంత్రం నేను దించుకుంటాను.

రంగు ఏదైనా ఫరవాలేదు. ఆకుపచ్చ మాత్రం వద్దు.